సాగర్‌లో అడుగులు సరే, వాడుకునే నీళ్లెన్ని?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో వచ్చే జలాశయాల నీటిమట్టం బాక్సును మా ఊరి హోటల్‌లో చాయ్ చల్లారేదాకా చదువుతారు. మొదట చూసేది నాగార్జునసాగర్‌నే. 590 అడుగులకు 545 అని ఉంటే ‘ఇంకా ముప్పావు పైనే ఉంది, ఎకరం ఎక్కువే పెడదాం’ అంటారు.

లెక్క అక్కడే తప్పుతోంది. సాగర్ నిండితే 312 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు). కనీస మట్టం 510 అడుగులకు దిగినా అందులో 131 టీఎంసీలు ఉంటాయి, కానీ అవి సాగుకు లేనట్టే. మనకు పనికొచ్చేది పైనున్న 80 అడుగుల్లోని సుమారు 180 టీఎంసీలు. 545 అంటే అందులో సగం అడుగులు కూడా లేవు. దిగేకొద్దీ జలాశయం ఇరుకవుతుంది కాబట్టి నీళ్లు ఇంకా తక్కువ. దాంట్లోనే కుడి కాల్వ, ఎడమ కాల్వ, ఏఎమ్మార్పీ (సాగర్ నీళ్లు ఎత్తిపోసే మాధవరెడ్డి ప్రాజెక్టు), హైదరాబాద్ తాగునీరు. 2015లో రెండు తెలుగు రాష్ట్రాల తాత్కాలిక ఒప్పందంలో 811 టీఎంసీల కృష్ణా నీళ్లకు గాను తెలంగాణకు రాసిన 299 కూడా సాగర్ ఒక్కదానివి కావు, జూరాల నుంచి ఊరి చెరువుల దాకా అన్నీ అందులోనే. హోటల్‌లో ఇవేవీ ఎవరూ తీసివేయరు. నేనూ తీసివేయలేదు.

మాది మైనర్ (పిల్ల కాల్వ) చివరి పొలం. ఒక యాసంగిలో వరి పొట్ట మీదుండగా వారబందీ, అంటే వంతులవారీగా నీళ్లు అన్నారు. మా వంతు వచ్చిన రాత్రి టార్చి పట్టుకొని తూము దగ్గర కూర్చుంటే, తెల్లారేసరికి చీలమండ తడిసేంత నీళ్లు. కాల్వ చూసుకునే లస్కర్‌ను అడిగితే, ‘కాల్వ ఎప్పుడు బందయితదో నాకే తెల్వదు బావా’ అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. అతనికి చెప్పినవాళ్లెవరు? రెండెకరాలు ఎండింది. ముందే తెలిస్తే అక్కడ పెసర చల్లేవాణ్ని.

వానాకాలంలో వరద ఎంతొస్తుందో ఎవరూ చెప్పలేరు, ఒప్పుకుంటాను. యాసంగికి అలా కాదు. నారు పోసే నాటికి పైనుంచి రావాల్సింది దాదాపు వచ్చేసి ఉంటుంది, ఉన్నదే పంచుకోవాలి. కృష్ణా బోర్డు, రెండు రాష్ట్రాల ఇంజనీర్లు ఆ పంపకమేదో నాట్లు పడ్డాక కాకుండా నారుకు ముందే తేల్చాలి. ఎడమ కాల్వకు ఇన్ని టీఎంసీలు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని పంచాయతీ గోడకు అంటించాలి. కాల్వ 11,000 క్యూసెక్కులతో (సెకనుకు అన్ని ఘనపుటడుగులు) నిండుగా పారితే రోజుకు టీఎంసీకి కొంచెం తక్కువ. ఎన్ని తడులు వస్తాయో మిగతాది మేమే వేళ్ల మీద లెక్కేసుకుంటాం.

అప్పటిదాకా మీరొక పని చేయొచ్చు. ఆ బాక్సులో అడుగుల పక్కన ఇంకో గడి పెట్టి, 510కి పైన ఎన్ని టీఎంసీలున్నాయో రోజూ వేయండి.

– ఎడమ కాల్వ ఆయకట్టు రైతు,
వేములపల్లి మండలం, నల్లగొండ జిల్లా