ఇంటికి వచ్చే కథల పుస్తకం

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలతో మొదలుపెట్టి, ఒకటో తరగతి నుంచి ఏడో తరగతి వరకు ప్రతి విద్యార్థికీ వారానికి రెండు కథల పుస్తకాలు ఇంటికి పంపాలని నిర్ణయించాం. ఆ పుస్తకాలు ఇల్లు చేరాక ఏం జరగాలో మీతో చెప్పుకోవడానికే ఈ లేఖ.

మొన్న నాలుగో తరగతి లైబ్రరీ పీరియడులో ఒక పాప పక్కన కూర్చున్నాను. పంక్తి కింద వేలు జరుపుకుంటూ చదువుతున్న ఆ పాప, రాజుగారు కానుకలిచ్చే చోట 'వస్త్రాలు' అన్న మాట దగ్గర ఆగిపోయింది. సకారం కింద తకారపు ఒత్తు, దానికి తోడు రకారపు ఒత్తు. రెండుసార్లు కూడబలుక్కుని, తప్పు చదివితే ఏమంటానోనని నా ముఖంలోకి చూసింది. 'వస్త్రాలు, అంటే బట్టలు' అని మెల్లగా అందించగానే పంక్తి ముగించి, పేజీ తిప్పి, మళ్లీ నా వైపు చూడలేదు. ఒత్తుల పాఠం మర్నాడు తరగతిలో చెప్పుకోవచ్చు. ఆ నిమిషాన పాపకు కావలసింది రాజు తర్వాత ఏం చేశాడన్నదే.

కాబట్టి ఇంట్లో పిల్లలు తడబడితే మాట అందించి ముందుకు సాగనివ్వండి. కథ పూర్తికాగానే 'ఇందులో నీతి ఏమిటి' అని అడగవద్దని మరీ మరీ కోరుతున్నాను. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో నేను ప్రతి కథకూ నీతి రాయించేదాన్ని. నోటుపుస్తకాలైతే నిండాయి గానీ, సెలవులకు ఇంకో పుస్తకం కావాలని అడిగిన పిల్లలు ఆ తరగతుల్లో ఒక్కరూ నాకు గుర్తులేరు. అందుకే ఈ పుస్తకాలకు ప్రశ్నలూ మార్కులూ ఉండవు. నచ్చని పుస్తకాన్ని సగంలో ఆపి మార్చుకోవచ్చు. నచ్చినదాన్ని పదిసార్లు చదివినా వారించకండి.

పిల్లలకు చదవడం వచ్చాక కూడా మీరు చదివి వినిపించడం మానవద్దు. రెండో తరగతి పిల్లవాడు సొంతంగా చదువుకోగలిగిన కథ చిన్నది, విని ఆనందించగలిగిన కథ చాలా పెద్దది. ఆ పెద్ద కథను అతనికి అందించగలిగింది ఇంట్లోవాళ్ల గొంతే. రాత్రి భోజనాలయ్యాక పదిహేను నిమిషాలు చాలు. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు ఆపి, మిగతాది రేపు అనండి. మీకు చదవడం రాకపోతే సంకోచపడనక్కర్లేదు. చిన్నప్పుడు విన్న కథ చెప్పండి, లేదా పిల్లల చేత చదివించుకుని వినండి. నాయనమ్మ 'తర్వాతేమైందిరా?' అని అడిగితే అది పరీక్ష కాదని పిల్లలకు బాగా తెలుసు.

ఇంగ్లీషు మీడియం పిల్లలకు తెలుగు కథలెందుకని కొందరు తల్లిదండ్రులు అడిగారు. ఇంట్లో మాట్లాడే భాషలో చదువు రుచి తెలిసిన పిల్లలు ఇంగ్లీషు పుస్తకం పట్టుకోవడానికీ జంకరన్నది నా అనుభవం.

పుస్తకం నలుగుతుందని బీరువా మీద దాచకండి. చినిగితే మేమే అతికించుకుంటాం, జరిమానా లేదు. 1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపి, ప్రయాణికులకూ గట్టు వెంబడి ఊళ్లకూ పుస్తకాలు అందించారు. నీళ్ల మీద తిరిగిన ఆ పుస్తకాలకు లేని భయం మన పిల్లల సంచుల్లోని పుస్తకాలకు అక్కర్లేదు.

ఈ నెలలో ప్రతి శనివారం మధ్యాహ్నం మూడున్నర నుంచి ఐదింటి దాకా లైబ్రరీ మీకోసం తెరిచి ఉంటుంది. పిల్లలతో కలిసి వచ్చి పుస్తకాలు చూడండి. ఎంచుకోవడం మాత్రం వాళ్లకే వదిలి, రిజిస్టరులో వాళ్ల పేరు వాళ్లనే రాయనివ్వండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు