పద్దెనిమిదేళ్ల వయసులో రాసిన నాలుగు లైన్లు: కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి, హనుమకొండ నుంచి ఒక రిటైర్డ్ తెలుగు టీచర్ నమస్కరించి రాయునది.

అయ్యా, పద్దెనిమిదేళ్ల వయసులో పెట్టిన ఒక ఫేస్‌బుక్ పోస్టు కోసం నా కొడుకును ఉద్యోగంలోంచి తీసేసిన సంగతి మీద ఇది నా ఐదో విన్నపం. ముందు నాలుగూ అర్జీలుగా ఇచ్చాను. ఏ కార్యాలయంలో, ఎవరి చేతికి ఇచ్చానన్నది ఇక్కడ రాయను. ఎవరినో ఇరికించాలని కాదు నా బాధ. రసీదులు నాలుగూ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరుగుతున్నాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

2013 జూలై 30. కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ ప్రత్యేక రాష్ట్రానికి తీర్మానం చేసిన రాత్రి మా వీధంతా పటాకులు. మావాడికి అప్పటికి పద్దెనిమిది నిండి రెండు నెలలు. ఇంజనీరింగ్ ఫస్టియర్ పరీక్షలు రాసి ఉన్నాడు. ఆ ఊపులో ఫేస్‌బుక్‌లో ఆంధ్రావాళ్ల మీద ఇంగ్లీషు అక్షరాల తెలుగులో నాలుగు లైన్లు రాశాడు. అవి ఇక్కడ రాయలేను. వాళ్ల ఇంటి ఆడవాళ్లను కూడా కలిపి అన్న మాట ఉంది అందులో. ముప్పై ఒక్కేళ్లు ఊరి పిల్లలకు తెలుగు చెప్పిన నేను, నా కొడుకు రాసిన ఆ తెలుగు చదివి తలదించుకున్నాను. అది తప్పు కాదని ఏనాడూ అనలేదు. ఈరోజూ అనను. ఆ రోజుల్లో రెండు వైపులా ఎలాంటివి రాసుకున్నారో మీకు తెలియనిది కాదు. అయినా, అందరూ రాశారు కాబట్టి వదిలేయండని అడగడం లేదు.

నిరుడు ఆగస్టులో, వాడు పనిచేసే ఐటీ కంపెనీలో, వాడి టీమ్‌లో ప్రమోషన్ల దగ్గర గొడవైంది. ఎవరో వాడి ఖాతా అడుగుదాకా తవ్వి, పన్నెండేళ్ల కిందటి ఆ పోస్టును స్క్రీన్‌షాట్ తీసి, కంపెనీని ట్యాగ్ చేసి పెట్టారు. సోమవారం పెడితే బుధవారం మధ్యాహ్నానికి వీడియో కాల్. వాడు ఇంటి నుంచే పని చేస్తున్నాడు. పక్క గదిలో నేను బియ్యం ఏరుతున్నాను. "ఈ పోస్టు మీదేనా?" అని కంపెనీ తరఫున ఒకావిడ అడిగింది. "నాదే మేడం, అప్పుడు నాకు..." అన్నాడు. ఆ వాక్యాన్ని పూర్తి కానివ్వలేదు. మొత్తం పదకొండు నిమిషాలు. కాల్ అయ్యేసరికే ల్యాప్‌టాప్ లాగౌట్ అయిపోయింది. గుమ్మంలో నిలబడి "అమ్మా, తీసేసిన్రు" అన్నాడు. మర్నాడు ల్యాప్‌టాప్ తీసుకుపోవడానికి కొరియర్ అబ్బాయి వస్తే వీడు గదిలోంచి బయటికి రాలేదు. సంతకం నేనే పెట్టాను.

ఏడేళ్ల సర్వీసు అయ్యా. కాగితంలో రాసిన కారణం: ప్రవర్తనా నియమావళి ఉల్లంఘన. ఆ నియమావళి మీద వాడు సంతకం పెట్టింది 2018లో, చేరిన రోజున. పోస్టు 2013ది. చేరడానికి ఐదేళ్ల ముందు రాసిన మాట, చేరాక ఒప్పుకున్న నియమాన్ని ఎట్లా ఉల్లంఘిస్తుంది? ఈ ఒక్క ప్రశ్న నాలుగు అర్జీల్లోనూ రాశాను. అడిగిన చోటల్లా ఒకటే మాట: "పోస్టు పెట్టింది నిజమేనా అమ్మా? నిజమైతే ఇంకేముంది?" ఇంకోచోట, వాడి హోదాలో 'లీడ్' అని ఉంది కాబట్టి వర్క్‌మన్ కిందికి, అంటే చట్టం కార్మికుడిగా లెక్కించేవాళ్ల కిందికి రాడన్నారు. దుకాణాలు, సంస్థల చట్టంలోని 47వ సెక్షన్ నేను మీకు చెప్పనక్కర్లేదు. సరైన కారణం, నోటీసు అన్న మాటలు అందులో ఉన్నాయి కదా. పదకొండు నిమిషాలను నోటీసు అంటారా?

ఉద్యోగం పోవడం ఒక దెబ్బ. అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. రిలీవింగ్ లెటర్, అంటే ఉద్యోగం నుంచి విడుదల చేసినట్టు కంపెనీ రాసిచ్చే కాగితం, ఇవ్వలేదు. అది లేకపోతే ఐటీలో ఏ గుమ్మమూ తెరుచుకోదు. వాడికి రెండు చోట్ల ఇంటర్వ్యూ అయి, ఆఫర్ కూడా వచ్చింది. రెండు చోట్లా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పాత కంపెనీకి ఫోన్ వెళ్లింది, ఆఫర్ వెనక్కి పోయింది. మూడోచోట ముందే అంతా చెప్పేశాడు. నిజం చెప్పినందుకు సంతోషమని, మళ్లీ పిలుస్తామని అన్నారు. పిలవలేదు. ఇప్పుడు ఒక కోచింగ్ సెంటర్‌లో డిగ్రీ పిల్లలకు జావా చెప్తున్నాడు. ఇంటి లోన్ ఈఎంఐ నా పెన్షన్‌లోంచి పోతోంది.

రాత్రుళ్లు నిద్రపోడు. ఫోన్ పట్టుకుని కూర్చుని పాత పోస్టులు ఒక్కొక్కటే తీసేస్తుంటాడు. ఒకరోజు వెనకనుంచి చూశాను. 2014 మేడారం జాతర ఫోటో. మా ఆయన తలమీద బంగారం, అదే అమ్మవార్ల బెల్లం దిమ్మ, పెట్టుకుని నవ్వుతున్నాడు. ఆయన పోయి ఆరేళ్లు. ఇంట్లో ఆయన నవ్వుతున్న ఫోటో అదొక్కటే. "అది తీయకు బిడ్డా" అన్నాను. "దాని కింద అప్పట్లో ఎవడేం కామెంట్ పెట్టిండో, నేనేం జవాబిచ్చిన్నో యాదికి లేదమ్మా" అని తీసేశాడు. కన్నతండ్రి ఫోటోకు భయపడే స్థితికి తెచ్చారు నా బిడ్డను.

వాడి రూమ్మేట్ భీమవరం అబ్బాయి. 2013లో ఆ పోస్టు కింద వాడితో కొట్లాడింది ఆ పిల్లాడే. తర్వాత నాలుగేళ్లు ఒకే కంచంలో తిన్నారు. ఉద్యోగం పోయిందని తెలిసి, తిట్లు పడ్డవాణ్ని నేనే, నాకు లేని అభ్యంతరం మీకెందుకని కంపెనీకి తనే మెయిల్ రాశాడు. దానికీ జవాబు లేదు.

నాకు చట్టం పెద్దగా తెలియదు. కోర్టులో పనిచేసే మా పాత విద్యార్థిని అడిగి తెలుసుకున్నాను. ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు పడే నేరానికైనా, మూడేళ్లు దాటిపోతే మామూలుగా కోర్టు కేసు తీసుకోదట. పద్దెనిమిది నిండని పిల్లలు నేరమే చేసినా, చాలావరకు ఆ రికార్డును కొంతకాలానికి చెరిపేయాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతోందట. మావాడు ఆ గీత దాటి రెండు నెలలు, నిజమే. కానీ దొంగతనానికి ఉన్న గడువు నోటిదురుసుకు లేదా అయ్యా?

ఇంగ్లండ్ క్రికెటర్ ఒలీ రాబిన్సన్ సంగతి పేపర్లలో వచ్చింది. 2021 జూన్‌లో లార్డ్స్‌లో తొలి టెస్టు ఆడుతున్న రోజే, పద్దెనిమిది నుంచి ఇరవై ఏళ్ల వయసులో పెట్టిన జాతి వివక్ష ట్వీట్లు బయటపడ్డాయి. సస్పెండ్ చేశారు, విచారణ జరిపారు, నిషేధం, జరిమానా వేశారు. అదే ఏడాది ఆగస్టులో మన జట్టు మీదే ఆడాడు. శిక్ష పడింది, దానికి ఒక ముగింపూ ఉంది. నా కొడుక్కి ఆ ముగింపు ఏది?

ఇవాళ ఆఫీసులో కూర్చుని తోటి ఉద్యోగిని కులం పేరుతోనో ప్రాంతం పేరుతోనో అవమానించేవాణ్ని తీసేయండి. నేనే ముందు సంతకం పెడతాను. పదేళ్ల కిందటి ద్వేషం ఇప్పటికీ వాడి పనిలో కనబడుతుంటే విచారించండి, తీసేయండి. కానీ ఏడేళ్లలో ఒక్క ఫిర్యాదు లేని మనిషిని ఒక పాత స్క్రీన్‌షాట్ చూసి రెండు రోజుల్లో పంపేయడం విచారణ కాదు. బయట గోల ఆగడానికి ఒక పిల్లాణ్ని బలివ్వడం అది.

బడిలో మా కాలంలో పిల్లలు కంపాస్ ముల్లుతో బెంచీల మీద మా గురించి బూతులు చెక్కేవాళ్లు. పిలిచి అడిగేవాళ్లం, తిట్టేవాళ్లం, గరుకు కాగితంతో వాళ్ల చేతే రుద్దించేవాళ్లం. వాళ్లలో ఒకరు ఇప్పుడు నాకు బస్సులో సీటు ఇచ్చే కండక్టర్.

మంత్రి గారూ, ఒక హద్దు పెట్టండి. ఎన్నేళ్ల వెనక్కి తవ్వొచ్చో కంపెనీలకు చెప్పండి. ఉద్యోగంలో చేరకముందు మాటకు ఉద్యోగం తీసే ముందు రాతపూర్వకంగా అడగమనండి, జవాబు చెప్పుకునే రోజులివ్వమనండి. తీసేసినా రిలీవింగ్ లెటర్ ఆపొద్దని ఒక ఉత్తర్వు ఇవ్వండి. మావాడికి వర్తించకపోయినా సరే, తర్వాతి పిల్లలకైనా ఇవ్వండి. ఎట్లా చేస్తారో మీకే తెలుసు, నాకు తెలియదు. ఒక హద్దు మాత్రం పెట్టండి.

నాలుగు అర్జీల నకళ్లు, రసీదులు ఈ లేఖకు జత చేసి రిజిస్టర్ పోస్టులో మీ పేషీకి కూడా పంపుతున్నాను. పిలిస్తే ఏ రోజైనా వస్తాను. మోకాళ్ల నొప్పులున్నాయి, లిఫ్ట్ లేకపోయినా మెట్లెక్కి వస్తాను.

ఇట్లు,
ఒక తల్లి, రిటైర్డ్ తెలుగు ఉపాధ్యాయురాలు,
హనుమకొండ