పాప గదిలోకి మారే ముందు

చిన్నీ,

ఫోటోలు చూశాను. పాప గది కళకళలాడుతోంది. కానీ "రంగు వాసన పోయింది నాన్నా, వచ్చే వారం మారిపోతాం" అన్నావే, అప్పటినుంచి నాకు బెంగగా ఉంది.

వాసన పోవడం వేరు, గాలి శుభ్రపడడం వేరు. రంగు ఆరేటప్పుడు అందులోని ద్రావకాలు ఆవిరై గదిలో కలుస్తాయి. థిన్నర్ కలిపే ఎనామెల్‌లో టోలుయీన్, జైలీన్ లాంటివి ఎక్కువ. తలనొప్పి, కళ్లమంట వాటివల్లే. నీళ్లు కలిపే రంగుల్లో తక్కువ. ఈ ద్రావకాల్లో చాలా భాగం మొదటి రోజుల్లోనే వెళ్లిపోతుంది కాబట్టి గోడల గురించి నాకంత దిగులు లేదు.

నా దిగులంతా ఆ కొత్త అల్మారా గురించే. చెక్కపొట్టును యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుతో అదిమి చేసిన బోర్డు అది. తేమ తగిలినకొద్దీ ఆ జిగురు ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు వాయువును వదులుతూనే ఉంటుంది. నెలలు, ఒక్కోసారి ఏళ్లు. ఎండలు ముదిరితే మరీ ఎక్కువ. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల్లో చేర్చింది. ఇంటి గాలిలో అది ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పింది. ఒక్క అల్మారాతోనే జబ్బు చేస్తుందని అనను. కానీ పసిపిల్లలు తమ బరువుకు మనకంటే ఎక్కువ గాలి పీలుస్తారు, రోజులో చాలాసేపు ఆ గదిలోనే ఉంటారు.

ఒకసారి తలుపు తీసి లోపల చూడు. ముందువైపు నున్నటి లామినేట్ ఉంటుంది. అరల వెనుక అంచులు, కీళ్ల కోసం తొలిచిన గుంటలు మాత్రం చాలాసార్లు పచ్చిగా వదిలేస్తారు. వేలితో రాస్తే పొట్టు రాలుతుంది. ఫార్మాల్డిహైడ్ ఎక్కువగా బయటికొచ్చేది అక్కడినుంచే. వడ్రంగిని పిలిపించి అంచులకు పట్టీ వేయించు, గుంటల్లో సీలర్ పూయించు. ఆ పూత కూడా ఆరాలి కాబట్టి ఇప్పుడే చేయించు.

ఎదురెదురు కిటికీలు తెరిచి, అల్మారా తలుపులు, సొరుగులు బార్లా తీసిపెట్టు. మూసిన గదిలో ఏసీ వేస్తే ఉన్న గాలే తిరుగుతుంది. మొక్కలు ముచ్చటగా ఉంటాయి, పెట్టుకో; 1989లో నాసా వాటిని పరీక్షించింది మూసేసిన చిన్న పెట్టెల్లో, ఇంటి గదికి ఆ లెక్క సరిపోదు. సువాసన స్ప్రేలు అసలే వద్దు, అవీ రసాయనాలే.

కనీసం నెల రోజులు ఆగు తల్లీ. అప్పటిదాకా పాపను మీ గదిలోనే పడుకోబెట్టండి. ఆ బోర్డు ఏ తరగతిదో కొన్నచోట అడుగు. ఈ1, అంటే ఫార్మాల్డిహైడ్ తక్కువగా వదిలే తరగతి, అని కాగితం చూపిస్తే కాస్త నయం. ఏమీ చెప్పలేకపోతే, ఎంత పెట్టి కొన్నా సరే, దాన్ని పాప గదిలోంచి తీయించెయ్యి.

మీ నాన్న