మన ఆవకాయ ఇక ఆ సూపర్ మార్కెట్‌లో దొరకదు

నెల రోజులుగా హైదరాబాద్ నుంచీ విజయవాడ నుంచీ ఒకటే ఫోన్లు. "పిన్నిగారూ, షాపులో మీ సీసాలు కనబడట్లేదు, మూసేశారా?" అని. మూయలేదండీ. ఆ సూపర్ మార్కెట్ వాళ్ళకి సరుకు ఆపేసింది నేనే. వాళ్ళ పేరు ఇక్కడ రాయను.

నాలుగేళ్ళ కిందట వాళ్ళ అరల్లోకి మన సీసా ఎక్కిన రోజు తణుకులో మా వీధంతా స్వీట్లు పంచాను. అమ్మకాల్లో ముప్పావు వంతు వాళ్ళ చేతిలోకి వెళ్ళిపోయాక గానీ అసలు సంగతి తెలియలేదు. డబ్బులు మూడు నెలలకు, ఒక్కోసారి నాలుగు నెలలకు వచ్చేవి. అందులోనూ కోతే. ఒకసారి 38 సీసాలు నూనె కారాయని డెబిట్ నోట్ పంపి, వాటి డబ్బు బిల్లులో కొట్టేశారు. ఆ సీసాలు వెనక్కి పంపమంటే ఒక్కటీ రాలేదు.

చట్టం లేక కాదు. చిన్న పరిశ్రమ దగ్గర సరుకు కొన్నవాళ్ళు ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజుల్లో డబ్బు కట్టాలని 2006 చట్టంలోనే ఉంది. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. గడువులో కట్టని బిల్లును ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోకుండా ఆదాయపు పన్నులో మార్పు కూడా తెచ్చారు, 2024 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఇక మాకు మంచి రోజులే అనుకున్నాను. వాళ్ళ కొనుగోళ్ళ మేనేజర్ ఫోన్ చేసి, "మీ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ రద్దు చేసుకోండమ్మా, ఆర్డర్లు పెంచుతాం" అన్నాడు. ఉద్యమ్ అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర చేసుకునే నమోదు, అది లేకపోతే ఆ గడువు గొడవ వాళ్ళకి ఉండదని. చేసుకోనన్నాను. ఆర్డర్లు సగమయ్యాయి.

తర్వాత ఇంకో మాట తెచ్చారు. లేబుల్ వాళ్ళది, పచ్చడి మనది. రేటు మూడో వంతు తగ్గించాలి, పప్పునూనెలో సగం తీసేసి పామోలిన్ పోయాలి. ఒప్పుకుంటే పాత బాకీ 11 లక్షల 40 వేలూ వారంలో ఇచ్చేస్తామన్నారు.

మూడు వారాలు నిద్ర లేదు. మా దగ్గర పద్నాలుగు మంది ఆడవాళ్ళు పని చేస్తున్నారు. వాళ్ళ జీతాలు, మే నెలలో వచ్చే కొత్తపల్లి కొబ్బరి మామిడికాయకి రైతుకి ఇవ్వాల్సిన అడ్వాన్సు, అన్నీ ఆ బాకీ మీదే ఉన్నాయి. ఎవరికీ చెప్పకుండా చిన్న జాడీలో వాళ్ళు చెప్పినట్టే కలిపి చూశాను. డిసెంబరు చలికి తెల్లారేసరికి పైన మైనంలా పేరుకుంది. ఇరవై ఏళ్ళుగా మా ఆవకాయ కలిపే ఆవిడ వేలితో ఒకసారి నొక్కి చూసి, ఏమీ అనకుండా చెయ్యి కడుక్కుంది. ఆ మధ్యాహ్నమే కుదరదని చెప్పేశాను.

లాయరు గారిని అడిగితే, 2002 పోటీ చట్టంలో ఇలాంటి పెత్తనాన్ని ఆపే సెక్షన్ మార్కెట్‌లో ఆధిపత్యం ఉన్న కంపెనీలకే వర్తిస్తుంది, వీళ్ళకి అంత వాటా లేదన్నారు. మార్కెట్ మొత్తం మీద లేకపోవచ్చు, నా మీద ఉందా లేదా? పెద్ద సూపర్ మార్కెట్లు సరఫరాదారుల్ని ఇలా ఏడిపిస్తుంటే చూడటానికి బ్రిటన్‌లో 2013 నుంచి ప్రత్యేకంగా ఒక అధికారి ఉన్నారు. మనకీ అలాంటి వ్యవస్థ కావాలి. ఫిర్యాదు చేసిన మర్నాడే ఆర్డర్ పోతుందని భయపడి నాలాంటి వాళ్ళు ఎందరో నోరు మూసుకుని ఉన్నారు. నేనూ నాలుగేళ్ళు మూసుకున్నాను. ఇప్పుడు పోవడానికి ఆర్డర్ లేదు కాబట్టి చిన్న పరిశ్రమల బాకీల ఫిర్యాదుల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన సమాధాన్ పోర్టల్‌లో బాకీ మీద ఫిర్యాదు పెట్టేశాను.

ఇక మన సంగతి. తణుకు కొట్లో, ఫోన్ మీద కొరియర్‌లో అన్ని పచ్చళ్ళూ ఉంటాయి. కొరియర్ ఖర్చు మీరే పెట్టుకోవాలి, ఇప్పుడు నావల్ల కాదు. అరకిలో ఆవకాయ 20 రూపాయలు పెరిగింది. నూనె మాత్రం మారలేదు, పప్పునూనే. మాగాయ ఉగాది దాకా సరిపోతుంది. ఉన్న ఆవకాయ మాత్రం మే వరకూ సరిపోకపోవచ్చు, అందుకే మనిషికి రెండు సీసాలకు మించి ఇవ్వలేను. పద్నాలుగు మందిలో ఎవర్నీ మాన్పించలేదు. ఈ ఏడు కాయ అడ్వాన్సు నా గాజులు తాకట్టు పెట్టి ఇచ్చాను, కొత్తావకాయకి రైతు కాయ పంపుతానన్నాడు.