సిక్లిడ్‌ల తొట్టిలో పచ్చని మొక్కకు చోటుంది

సంపాదకుల వారికి నమస్కారాలు.

భీమవరం, పాలకొల్లు, అమలాపురం, రాజమహేంద్రవరం వంటి మన డెల్టా పట్టణాల్లో అక్వేరియం దుకాణాలకు వెళితే అద్దాల వెనక తరచుగా కనిపించేవి సిక్లిడ్ కుటుంబపు చేపలే. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్, ఏంజెల్, సెవెరమ్, ‘ఆఫ్రికన్’ అని ఒకే పేరుతో కలిపి అమ్మే, ఆఫ్రికాలోని మలావీ సరస్సుకు చెందిన రంగురంగుల చేపలు అన్నీ ఆ కుటుంబానివే. వీటితోపాటు ప్రాణమున్న మొక్కలు వేసుకోవచ్చునా అని అడిగిన వారికి చాలాచోట్ల దొరికే సమాధానం మాత్రం ఒక్కటే: ఇవి మొక్కల్ని బతకనివ్వవు, ప్లాస్టిక్‌వి వేసుకోండి అని. కడియం నర్సరీలు పక్కనే ఉండగా, ఇంటి ముందు కాలువలో నీటిమొక్కలు వాటంతట అవే పెరుగుతుండగా, గోదావరి సీమ పిల్లలు ప్లాస్టిక్ ఆకుల మధ్య చేపల్ని చూడవలసి రావడం నాకు బాధ కలిగిస్తోంది. అందుకే ఈ లేఖ రాస్తున్నాను. మొక్కలు తినే చేపను పెంచేవారు పచ్చదనాన్ని రెండు రకాలుగా పెంచాలన్నది నా మనవి. ఒకటి తొట్టిలో నిలిచి ఉండేది, రెండోది చేప తినడానికే పెంచేది. రెండోదాన్ని ఏర్పాటు చేయకుండా మొదటిదాన్ని కాపాడుకోవాలనుకోవడం వల్లనే చాలామంది విసిగిపోయి ప్లాస్టిక్ వైపు వెళ్లిపోతున్నారు.

ముందుగా సిక్లిడ్‌లన్నింటినీ ఒకే గాటన కట్టకూడదు. ఏంజెల్, డిస్కస్ చేపలు మొక్కల జోలికి దాదాపు పోవు. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ మొక్కలను ఆకలితో తినవు గాని, ఇసుక తవ్వి వేళ్లతో సహా పెకలించివేస్తాయి, ముఖ్యంగా గుడ్లు పెట్టే కాలంలో. నిజంగా ఆకును ఆహారంగా చూసేవి వేరు. అమెజాన్ ప్రాంతపు యూరూ, సెవెరమ్, ఆఫ్రికా తిలాపియాలలో కొన్ని జాతులు ఈ కోవలోకి వస్తాయి. మలావీ సరస్సులోని ఎంబూనా చేపలు, టాంగన్యీకా సరస్సులోని ట్రోఫియస్ చేపలు రాళ్లకు పట్టిన పాచిని రోజంతా గీకి తినే అలవాటు గలవి కాబట్టి, తొట్టిలో పాచి దొరకనప్పుడు లేత ఆకుల మీద పడతాయి. అదే మలావీ సరస్సులో హెమిటిలాపియా అనే మరో సిక్లిడ్ ఉంది. అది వాలిస్నేరియా అనే నీటిమొక్క ఆకును నోట పట్టుకుని, దాని మీద పేరుకున్న పాచిని మాత్రం గీకి తిని, ఆకును వదిలివేస్తుంది. తవ్వే చేపకు చేయవలసిన ఏర్పాటు ఒకటి, తినే చేపకు చేయవలసింది మరొకటి. ఈ తేడా చెప్పకుండా అన్నింటికీ కలిపి ‘మొక్కలు నిలవవు’ అనడం కొనేవారికి న్యాయం చేయదు.

మొక్కలు తినే సిక్లిడ్ అంటే విదేశీ వింత అనుకోవడం కూడా పొరపాటు. కేరళ ప్రభుత్వం 2010లో తమ రాష్ట్ర చేపగా ప్రకటించిన కరిమీన్ సిక్లిడ్ కుటుంబానిదే. మన దేశానికి సొంతమైన మూడు సిక్లిడ్ జాతుల్లో అదొకటి, ఒడిశాలోని చిలికా సరస్సులోనూ ఉంది. ఉప్పునీరు, మంచినీరు కలిసే చోట పెరిగే ఈ చేపకు దారాల వంటి నాచు, నీటిమొక్కల లేత భాగాలు ఇష్టమైన ఆహారం. నాచు తినడం దాని బతుకు తీరు. దాన్ని తొట్టిలో పెట్టి, మాంసపు గుళికలు మాత్రమే వేసి, మొక్కను కొరికిందని నిందించడం సరికాదు.

ఇక తొట్టిలో నిలిచే మొక్కల సంగతి. వీటిలో నేను మొదట చెప్పేది అనూబియాస్. పశ్చిమ, మధ్య ఆఫ్రికా వాగుల ఒడ్డున పెరిగే ఈ మొక్క మన చేమ, కందల కుటుంబానికి చెందినది. సరిగా ఉడకని కంద తింటే గొంతు ఎందుకు దురద పెడుతుందో కోనసీమ వారికి నేను చెప్పనక్కరలేదు. ఆ దురదకు కారణమైన కాల్షియం ఆక్సలేట్ సూదులు ఈ కుటుంబపు మొక్కల్లో సాధారణం, అనూబియాస్‌లోనూ ఉంటాయి. దానికితోడు ఆకు తోలులా దళసరిగా ఉంటుంది. ఒకసారి కొరికి చూసిన చేప చాలావరకు దాన్ని వదిలివేస్తుంది. ఆగ్నేయాసియాకు చెందిన జావా ఫెర్న్, పశ్చిమ ఆఫ్రికాకు చెందిన బోల్బిటిస్ ఫెర్న్ కూడా ఇలాగే చేపలకు రుచించనివి. ఈ మూడింటికీ ఒక గొప్ప సౌలభ్యం ఉంది. వీటి కొమ్మును, అంటే పసుపు కొమ్ములా అడ్డంగా సాగే కాండాన్ని, ఇసుకలో పాతకూడదు, పాతితే కుళ్లిపోతుంది. రాయికో, నానబెట్టిన చెక్క మొద్దుకో నైలాన్ దారంతో కట్టి వదిలితే కొన్ని వారాల్లో వేళ్లు దాన్ని పట్టుకుంటాయి. వేరు ఇసుకలో లేదు కాబట్టి తవ్వే చేప దాన్ని పెకలించలేదు, ఆకు రుచి లేదు కాబట్టి తినే చేప దాన్ని మిగల్చదన్న భయమూ తక్కువ. ఇవి నెమ్మదిగా పెరుగుతాయి, ఎక్కువ వెలుతురు కోరవు. దీపం రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు వెలిగితే చాలు, అంతకు మించితే ఆకుల మీద పాచి ముసురుకుంటుంది. ఆ పాచిని ఎంబూనాలు సంతోషంగా గీకి శుభ్రం చేస్తాయి.

నాలుగో మొక్క వాలిస్నేరియా. రిబ్బనులా పొడవాటి ఆకులతో నీటి వాలుకు ఊగే ఈ మొక్కను మన కాలువల్లో చూసిన వారు పేరు తెలియకపోయినా గుర్తుపడతారు. ఇది రుచిలేని మొక్క కాదు, చేపలు దీన్ని తింటాయి. కాని ఇది పిలకలు వేసి ఎంత వేగంగా వ్యాపిస్తుందంటే, బాగా నాటుకున్న తరువాత ఓ మోస్తరుగా కొరికే చేపలకు లొంగదు. చేపల్ని వదలడానికి కనీసం నెల ముందే దీన్ని నాటి, మొదళ్ల చుట్టూ పిడికెడంత రాళ్లు పేర్చాలి. చిన్న మట్టికుండీల్లో నాటి, కుండీని ఇసుకలో దించితే మరీ మంచిది. గోదావరి ఇసుక వాడేవారు బురద పోయేదాకా కడిగి, ఎనిమిది పది సెంటీమీటర్ల మందాన పరచుకోవాలి. పెద్ద యూరూ చేపల తొట్టిలో మాత్రం వాలిస్నేరియాయే కాదు, ఏ మొక్కనూ నమ్మకంగా చెప్పలేం. అక్కడ మనీప్లాంట్ తీగను తొట్టి పైన ఉంచి, వేళ్లను మాత్రం జల్లెడ గిన్నెలో నుంచి నీటిలోకి వదలడం మేలు. నీటిలో పేరుకునే నైట్రేట్‌ను ఆ వేళ్లు పీల్చుకుంటాయి, ఆకులు చేప నోటికి అందవు.

ఇప్పుడు రెండో పచ్చదనం, అంటే తినడానికి పెంచేది. నా దృష్టిలో అసలు కీలకం ఇదే. డాబా మీదనో, పెరటి అరుగు మీదనో ఒక వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టి పెట్టి, అక్వేరియం నుంచి తీసిన పాత నీటిని అందులో పోసి, అజొల్లాను గాని, నీటిపై బియ్యపు గింజంత ఆకులతో తేలే డక్‌వీడ్‌ను గాని వేయండి. చేపల విసర్జనతో బలమైన ఆ నీరే వాటికి ఎరువు. అజొల్లా గురించి మన పాడి రైతులకు బాగా తెలుసు, దాని ఆకుల్లో కాపురముండే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తుంది కాబట్టి వరిచేలలోనూ దాన్ని పెంచుతారు. మండుటెండకు కొంత నీడ కల్పిస్తే ఏడాది పొడవునా చేతికి వస్తుంది. అయితే నిలవ నీటిలో దోమలు పెరుగుతాయి కనుక ఆ తొట్టిలో దోమ పిల్లలను తినే గప్పీ చేపలను నాలుగైనా తప్పక వదలాలి, ఈ జాగ్రత్త లేకపోతే డెంగీని ఇంటికి పిలిచినట్లే. రోజూ పొద్దున దీపం వేసిన వెంటనే పిడికెడు డక్‌వీడ్ గాని, అజొల్లా గాని సిక్లిడ్‌లకు వేస్తే, అవి పూటంతా దాని వెంటపడి కట్టిన మొక్కలను చాలావరకు పట్టించుకోవు. అది లేనినాడు వేడినీటిలో ముంచి తీసిన పాలకూర, తొక్క తీసిన బఠాణీ, దోసకాయ ముక్క పెట్టవచ్చు. బజారు ఆకుకూరలపై పురుగుమందు ఉండే ప్రమాదం ఉంది కాబట్టి, పెరట్లో పెంచుకున్నదే వాడటం క్షేమం.

దీనివల్ల మొక్కలకే కాదు, చేపకూ మేలు. ట్రోఫియస్, ఎంబూనాల వంటి పాచి మేసే చేపల పేగు పొడవైనది, నారపదార్థాన్ని నెమ్మదిగా అరిగించుకోవడానికి తగినది. వాటికి రోజూ కొవ్వు, మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న మేత వేస్తే పొట్ట ఉబ్బి, మేత మాని, చనిపోయే ప్రమాదం ఉంది. ‘మలావీ బ్లోట్’ అనే ఈ జబ్బుకు మేతలో తేడా ఒక ముఖ్య కారణంగా చెబుతారు. కాబట్టి ఆకు తినడాన్ని అల్లరిగా కాక, ఆ చేప అవసరంగా చూడాలి.

కాలువలోని నాచు, హైడ్రిల్లా ఉచితంగా దొరుకుతాయి కదా అని తెచ్చి తిన్నగా తొట్టిలో వేసేవారిని మాత్రం వారించవలసి ఉంది. వరిచేల నుంచి, చేపల చెరువుల నుంచి వచ్చే మందుల నీళ్లు కాలువల్లోనే కలుస్తున్నాయి. ఆ నాచుతో జలగలు, నత్తలు, ఆక్వా రైతులను ఏళ్ల తరబడి వేధిస్తున్న ఆర్గులస్ అనే చేపపేను కూడా వస్తాయి. తప్పనిసరిగా తెచ్చుకోవలసి వస్తే, లేత గులాబీ రంగు వచ్చేంత పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీటిలో పది నిమిషాలు ఉంచి, బాగా కడిగి, రెండు మూడు వారాలపాటు చేపలు లేని వేరే తొట్టిలో పెంచిన తరువాతే వాడాలి.

నీటి విషయంలో డెల్టా వారికి ఒక అనుకూలత, ఒక ఇబ్బంది ఉన్నాయి. తీరానికి దగ్గరగా బోరు నీరు గట్టిగా (అంటే ఖనిజ లవణాలు ఎక్కువగా), ఉప్పుగా ఉంటుంది, కాలువ నీరు మెత్తగా ఉంటుంది. మలావీ సరస్సు నీటి పీహెచ్ 7.7 నుంచి 8.6 వరకు ఉంటుంది కాబట్టి, మరీ ఉప్పు లేని గట్టి నీరు ఆ చేపలకు సరిపోతుంది. పైన చెప్పిన అనూబియాస్, జావా ఫెర్న్, వాలిస్నేరియా ఆ నీటిని తట్టుకుంటాయి. సెవెరమ్, యూరూలకు మెత్తని నీరే కావాలి. వేసవిలో ధవళేశ్వరం నుంచి కాలువలు కట్టేసినప్పుడు నీరు మార్చడం కష్టమవుతుంది, సరిగ్గా ఆ రోజుల్లోనే వేడికి నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. పైగా పీహెచ్ ఎక్కువగా ఉన్న నీటిలో చేపల విసర్జన నుంచి వచ్చే కొద్దిపాటి అమ్మోనియా కూడా ఎక్కువ విషమవుతుంది. రొయ్యల చెరువు చేసే ప్రతి రైతుకూ ఈ లెక్క తెలుసు. అమ్మోనియాను పీల్చుకునే మొక్కలు తొట్టిలో ఉండటం అప్పుడే బాగా అక్కరకు వస్తుంది. అయితే రాత్రివేళ మొక్కలూ ప్రాణవాయువునే వాడుకుంటాయి. తెల్లవారుజామున చెరువులో చేపలు పైకి తేలడం చూసిన వారు, మొక్కలు దట్టంగా వేసిన తొట్టిలో రాత్రంతా గాలి పంపు ఆపకూడదని సులువుగా గ్రహించగలరు. భీమవరం వంటి చోట్ల ఆక్వా మందుల దుకాణాల్లో దొరికే అమ్మోనియా, పీహెచ్ పరీక్ష సామగ్రి ఇంటి తొట్టికీ పనికివస్తుంది.

ఒక్క విషయం మరింత గట్టిగా చెప్పాలి. పెద్దవైపోయాయని సిక్లిడ్‌లను, కత్తిరించగా మిగిలిన మొక్కలను కాలువలో వదిలివేయడం ఎంతమాత్రం తగదు. మొజాంబిక్ తిలాపియాను 1952లో మన దేశానికి తెచ్చారు. అది ఇప్పుడు ఎవరూ పిలవకుండానే చెరువుల్లో చేరి, రైతు వేసిన మేతకు పోటీపడుతోంది. దక్షిణ అమెరికా నుంచి అందం కోసం తెచ్చిన గుర్రపుడెక్కను తొలగించడానికి కాలువలపై ఎంత శ్రమ, ఎంత డబ్బు ఖర్చవుతున్నాయో మన కళ్ల ముందే ఉంది. అద్దాలకు పట్టిన పాచి తింటుందని కొన్న సక్కర్ చేప మన చెరువుల్లో వలలకు చిక్కడమూ వింటున్నాం. మిగిలిన మొక్కలను ఎండబెట్టి మట్టిలో కలపండి, పెద్దవైన చేపలను దుకాణానికో, పెద్ద తొట్టి ఉన్నవారికో ఇవ్వండి.

తమ పత్రిక వ్యవసాయ పుటలో ఆక్వా రంగానికి ఇచ్చే స్థలంలో కొంత భాగాన్ని ఇంటి తొట్టెలకు కూడా కేటాయించి, ఏ చేప ఏమి తింటుందో, ఎంత పెరుగుతుందో, ఏ మొక్కతో ఇముడుతుందో నిపుణుల చేత రాయించవలసిందిగా కోరుతున్నాను. దుకాణదారులు ప్రతి తొట్టి మీద చేప పేరు, పూర్తి సైజు, మేత రకం తెలుగులో రాసిపెడితే కొనేవారికి సగం ఇబ్బంది తప్పుతుంది. కడియం, కడియపులంక రైతులకు కూడా ఒక విన్నపం. అనూబియాస్, జావా ఫెర్న్‌లను నీటిలోనే పెంచనక్కరలేదు. తేమ ఆరకుండా చూస్తే షేడ్‌నెట్ కింద, గాలిలోనే ఏపుగా పెరుగుతాయి, కొమ్మును ముక్కలు చేసి కొత్త మొక్కలు తీయవచ్చు. దూరప్రాంతాల నుంచి ప్లాస్టిక్ సంచుల్లో వాడిపోయి వచ్చే ఈ మొక్కలను మీ షేడ్‌నెట్‌లలోనే పెంచి, స్థానిక దుకాణాలకు అందుబాటు ధరకు ఇవ్వగలిగితే, ఇక్కడి తొట్టెల్లో ప్లాస్టిక్ ఆకుల అవసరం చాలావరకు తీరిపోతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా