ఇంజిన్ ఆయిల్ చూసే ముందు ఒక్క మాట
అందరికీ నమస్తే. నిన్న ఇంజిన్ ఆపిన వెంటనే బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీ) లాగబోయాను, పక్కనున్న ఎగ్జాస్ట్ భాగానికి మణికట్టు తగిలి చర్రున కాలి బొబ్బ లేచింది. దయచేసి మీరెవరూ ఆ తొందర పడకండి. బండి బాగా నడిచాక ఆయిల్ మామూలుగానే 90 నుంచి 110 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది, పైగా డ్యాష్‌బోర్డు మీద వేడి చూపించే ముల్లు చాలా కార్లలో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వేడిదే, ఆయిల్‌ది కాదు, అది మామూలుకి వచ్చాక కూడా ఆయిల్ వేడెక్కడానికి ఇంకాస్త టైమ్ పడుతుంది, అందుకే స్టార్ట్ చేయగానే గట్టిగా తొక్కొద్దు.

చూడాలంటే బండిని చదునైన చోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపేసి పది నిమిషాలు ఆగండి. పైకెక్కిన ఆయిల్ కిందికి దిగాలి కదా. మాన్యువల్‌లో వేరేలా ఉంటే అదే పాటించండి. డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, పూర్తిగా లోపలికి దించి మళ్లీ తీయండి, మొదటిసారి కనిపించే గీతను నమ్మొద్దు. రెండు గుర్తుల మధ్య ఉంటే చాలు. తక్కువైతే కొద్దికొద్దిగా పోయండి, ఎక్కువైతే క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్ లోపల తిరిగే ఇరుసు) దాన్ని చిలికి నురగ చేస్తుంది. ఆయిల్ పాలు కలిసిన టీలా కనిపిస్తే మాత్రం కూలెంట్ కలిసిందేమో, బండి నడపకుండా మెకానిక్‌కి చూపించండి.

ఫ్యాన్ దగ్గర చేతులు పెట్టొద్దు, ఇంజిన్ ఆపినా ఒక్కోసారి దానంతట అదే తిరుగుతుంది. రేడియేటర్ మూత వేడి మీద అస్సలు తిప్పకండి!