ముంజేతికి గ్రిప్పర్ ఒక్కటే చాలదు

సంపాదకులు గారికి,

పోలీసు నోటిఫికేషన్ మాట వినబడితే చాలు, హన్మకొండ గ్రౌండ్లలో పొద్దున్నే పిల్లల చేతుల్లో స్ప్రింగు గ్రిప్పర్లు కనిపిస్తాయి. నడుస్తూ నొక్కుతారు, చాయ్ తాగుతూ నొక్కుతారు. రోజూ మూడొందలు నొక్కినా ముంజేయి లావెక్కదేమని అడుగుతారు. ఎక్కదు. గ్రిప్పర్ వేళ్లు ముడిచే కండరాలకే పని చెబుతుంది. వంద సార్లు నొక్కగలిగితే అది ఇక బరువు కాదు, కాలక్షేపం. దాని మీద రాసిన కిలోలనూ నమ్మలేం: స్ప్రింగుకు దగ్గరగా పట్టుకుంటే గట్టిగా, పిడి చివర పట్టుకుంటే తేలిగ్గా ఉంటుంది. కొంటే పదిహేను సార్లకే పిడికిలి మొరాయించేంత గట్టిది కొనాలి.

ముంజేతిలో అరచేతి వైపు కండరాలు మణికట్టును లోపలికి వంచుతాయి, వెనక వైపువి పైకి లేపుతాయి. బొటనవేలి వైపు మోచేతి మీదుగా దిగే దిట్టమైన కండ బ్రేకియోరేడియాలిస్. మోచేయి కింద కనబడే లావులో దాని వాటా పెద్దది, గ్రిప్పర్ దాని జోలికే పోదు. దానికి రివర్స్ కర్ల్ (అరచేయి బోర్లించి పట్టుకుని మోచేయి వంచుతూ బరువు ఎత్తడం), హామర్ కర్ల్ (బొటనవేలు పైకి ఉండేలా పట్టుకుని ఎత్తడం) చేయాలి. రివర్స్ కర్ల్‌కు తిన్నటి రాడ్‌తో మణికట్టు నొస్తే వంకర రాడ్ తీసుకోవడం మేలు.

తక్కువ ఖర్చులో మంచి పరికరం రిస్ట్ రోలర్, అంటే తాడుతో వేలాడే బరువును మణికట్టుతో చుట్టి పైకి లేపే పిడి. ఇంట్లోనే చేసుకోవచ్చు. ప్లంబింగ్ సామాన్ల దుకాణంలో అంగుళం జీఐ (జింకు పూత ఇనుప) పైపు అడుగున్నర ముక్క కోయించుకోవాలి. అంగుళమంటారు గానీ బయటి వ్యాసం 33 మిల్లీమీటర్ల పైమాటే. జిమ్ రాడ్ మామూలుగా 28 ఉంటుంది. పిడి లావయ్యే కొద్దీ పట్టుకు పని పెరుగుతుంది. కోసిన అంచులను ఆకురాయితో నునుపు చేయకపోతే అరచేయి గీరుకుంటుంది. నడుమ ఆరపార 8 మిల్లీమీటర్ల రంధ్రం వేయించి, 6 మిల్లీమీటర్ల నైలాన్ తాడు నాలుగున్నర అడుగులు దూర్చి, అవతల ముడి వేయాలి. రంధ్రం ఎందుకని తాడును ఊరికే చుట్టి కడితే, బరువు పడగానే పైపు తిరుగుతుంది, తాడు తిరగదు. తాడు కొసకు రెండున్నర కిలోల ప్లేటు కట్టాలి. ప్లేటు లేకుంటే రెండు లీటర్ల నీళ్ల సీసా అయినా సరే.

అందరూ చేసే పొరపాటు చేతులు ముందుకు చాచి చుట్టడం. ముంజేయి అలిసేలోపే భుజాలు పడిపోతాయి. మోచేతులు నడుముకు ఆనించి, తాడుకు చోటు చాలకుంటే స్టూలు మీద నిలబడి చుట్టాలి. బైకు యాక్సిలరేటర్ తిప్పినట్టు తనవైపు తిప్పితే వెనక కండరాలకు, ఎదురు తిప్పితే లోపలి వాటికి పని. దించేటప్పుడు తాడు జర్రున జారవిడిస్తే సగం వ్యాయామం పోయినట్టే. రెండు దిక్కులా రెండేసి సార్లు చాలు.

రిస్ట్ కర్ల్‌కు, అంటే మణికట్టు వంచి బరువు ఎత్తడానికి, అరచేయి పైకి ఉండేలా ముంజేతిని తొడ మీద ఆనించి, మణికట్టు మోకాలికి నాలుగు వేళ్ల అవతల ఉంచాలి. బరువును వేళ్ల కొసల దాకా దొర్లనిచ్చి మళ్లీ ముడిచి పైకి వంచాలి. 15 నుంచి 20 సార్లు. అరచేయి బోర్లించి చేసేటప్పుడు బరువు సగానికి తగ్గించాలి. పంతానికి అదే బరువు ఎత్తితే మోచేతి బయటి ఎముక దగ్గర నొప్పి పట్టుకుంటుంది, అది నెలల తరబడి వదలదు. వేళ్లు విచ్చుకునే కండరాల కోసం సైకిలు ట్యూబు నుంచి సన్నటి రింగు కత్తిరించి అయిదు వేళ్లకూ తొడిగి సాగదీస్తే చాలు.

ఇక మోత. రెండు చేతులా బరువైన డంబెళ్లు పట్టుకుని 30 అడుగులు నడవడం. ఎనుమాముల మార్కెట్లో బస్తా మూలలు పట్టి లేపే హమాలీల ముంజేతులు చూస్తే సంగతి అర్థమవుతుంది. డెడ్‌లిఫ్ట్‌కు (నేల మీది బరువైన రాడ్‌ను నిలబడి ఎత్తడం) ముందు మాత్రం ఇవేవీ చేయొద్దు, పట్టు జారుతుంది. వారానికి రెండు మూడు సార్లు, వ్యాయామం చివర చేయాలి. 7.26 కిలోల గుండు విసిరే పరీక్ష ఉంటే అంతకు రెండు రోజుల ముందే ఆపేయాలి. ఎండాకాలం చెమటకు క్యారమ్ పౌడర్ రాస్తున్నారు. అది జారడానికి చేసింది. కావలసింది మెగ్నీషియం కార్బోనేట్, జిమ్‌లో పట్టు కోసం చేతులకు రాసుకునే తెల్ల పొడి. మణికట్టు ఎముక మాత్రం ఏం చేసినా లావెక్కదు.

మునిసిపల్ అధికారులకు ఒక మనవి. పార్కుల్లో ఓపెన్ జిమ్‌లు పెట్టేటప్పుడు తిరిగే చక్రాలూ ఊగే పలకలతో పాటు పట్టుకుని వేలాడేందుకు కడ్డీలు కూడా వేయండి: 28 నుంచి 32 మిల్లీమీటర్ల మందం, ఆరున్నర, ఏడున్నర, ఎనిమిది అడుగుల ఎత్తులో మూడు, కింద ఇసుక. నున్నటి ఎనామిల్ రంగు పూయకండి, తడి చేతికి నిలవదు.

ఇట్లు,
కొందరు వ్యాయామ శిక్షకులు, హన్మకొండ